దుంపలో మందుంది, విషమూ ఉంది



ఈ పోస్టు కొంచెం పెద్దది. సిగ్నల్ దొరికే చోట కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి. సగం చదివి ఫార్వర్డ్ మాత్రం చేయకండి. ఎందుకు వద్దంటున్నామో చదివితే మీకే తెలుస్తుంది. ఇది రాస్తున్నది మేం నలుగురం. నలుగురిదీ పాడేరు వైపు కొండ ఊళ్లే. నలుగురం బీఎస్సీలో బోటనీయో బయోటెక్నాలజీయో చదివినవాళ్లమే. చాలా రోజులుగా చెప్పాలనుకుని చెప్పలేకపోయిన ఒక తప్పు ఉంది. అది ఒప్పుకోవడానికీ, ఆ తప్పు వల్ల మేం నేర్చుకున్నది మీతో పంచుకోవడానికీ ఇది రాస్తున్నాం.

2021 మే నెల. కరోనా రెండో విడత. హాస్టళ్లు మూసేశారు, అందరం ఊళ్లకు వచ్చేశాం. ఆన్‌లైన్ క్లాసు వినాలంటే గెడ్డ దాటి, కొండ మీద చింతచెట్టు దాకా ఎక్కాలి. ఫోన్ అక్కడే పలుకుతుంది. ఊళ్లో ఇంటికొకరికి జ్వరం. టీకా వేసేవాళ్లు వస్తున్నారంటే సగం మంది పోడు చేలల్లోకి వెళ్లిపోయేవారు. టీకా వేసుకుంటే చచ్చిపోతారని ఎవరో పుకారు పుట్టించారు. భయం ఒకవైపు, మందు లేదనే దిగులు ఇంకోవైపు.

అప్పుడు ఒక మెసేజ్ వచ్చింది. పూల మొక్కల దుంపల్లో వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్లు ఉన్నాయని విదేశాల్లో కనిపెట్టారట, మన అడవి ఉల్లి కూడా అలాంటి దుంపేనట, దంచి కషాయం తాగితే కరోనా దరికి రాదట. ఎప్పుడూ వచ్చే మెసేజ్‌ల లాంటిదే అనుకున్నాం. కానీ చదువుకున్నవాళ్లం కదా, గూగుల్‌లో వెతికాం. చూస్తే నిజంగానే ఒక పరిశోధన వ్యాసం కనిపించింది. కరోనా జాతి వైరస్‌ల మీద మొక్కల ప్రోటీన్లు పనిచేశాయని అందులో రాసి ఉంది. మేం చదివింది పైనున్న సారాంశం ఒక్కటే. అది చదవగానే మాకు వచ్చిన సంతోషం ఇంతా అంతా కాదు. మన తాతల మందుకి సైన్సు సాక్ష్యం దొరికిందనుకున్నాం. ఇన్నాళ్లూ మనల్ని వెనకబడినోళ్లు అన్నవాళ్లకి ఇది జవాబు అనుకున్నాం. మెసేజ్ పైన మా మాట ఒక లైను కలిపాం: "ఇది నిజమే, మేం సైన్సు పేపర్ చూశాం." కలిపి మా ఊరి గ్రూపులన్నింటికీ పంపాం.

మూడో రోజు సాయంత్రం మాలో ఒకడి మేనమామకి వాంతులు మొదలయ్యాయి. ముందు కరోనాయే అనుకున్నాం. రాత్రికి కళ్లు తిరుగుతున్నాయన్నాడు. చెయ్యి పట్టుకు చూస్తే నాడి ఆగి ఆగి కొట్టుకుంటోంది. అత్తని అడిగితే అప్పుడు చెప్పింది, రెండు పూటలు అడవి ఉల్లి రసం తాగాడని. ఆ రాత్రి డోలీ కట్టి, టార్చి లైట్లతో, వంతులు మార్చుకుంటూ రోడ్డు దాకా మోశాం. ఆ దారంతా మాలో ఎవరూ మాట్లాడలేదు. ఆసుపత్రిలో డాక్టరు గారు ఏం తాగాడో ఆ దుంప తెచ్చి చూపించమన్నారు. చూసి, ఇందులో గుండె మీద పనిచేసే విషం ఉంటుంది, ఇంకొంచెం తాగి ఉంటే మనిషి దక్కేవాడు కాదు అన్నారు.

మామ బతికాడు. ఇంటికొచ్చాక మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "చదువుకున్నోళ్లు చెప్పారు కదా అని తాగినాను అల్లుడా" అన్నాడు, అంతే. ఆ మాట మాలో ఇప్పటికీ అలాగే ఉండిపోయింది.

ఊళ్లో మందులు తెలిసిన దిసారి తాతయ్య దగ్గరికి వెళ్లాం. ఆయన మొదట అడిగింది ఒక్కటే: "నన్నెందుకు అడగలేదు?" అడవి ఉల్లి ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాల్చి, కాలి ఆనెల మీద కడతారు. పైపూతే తప్ప కడుపులోకి ఇచ్చేది కాదని ఆయన గురువు చెప్పాడట. అంటే మన సంప్రదాయానికి ఈ విషయం ముందే తెలుసు. సంప్రదాయం పేరు చెప్పి మేం పంపిన మెసేజ్ అసలు సంప్రదాయమే కాదు. అటు తాతయ్యనీ సరిగా అడగలేదు, ఇటు పేపర్నీ సరిగా చదవలేదు. రెండువైపులా తప్పు మాదే.

ఆ తర్వాత పీజీలో చేరాక మేం కూర్చుని దీన్ని మొదటి నుంచి చదివాం. మాకు అర్థమైనంత వరకు మీకు చెప్తాం.

ముందు పేర్ల సంగతి. మన దగ్గర భూమిలో ఊరేదాన్నంతా దుంప అనేస్తాం. బోటనీ పుస్తకంలో తేడా ఉంది. బంగాళాదుంప వేరు, అల్లం వేరు, ఉల్లి వేరు. ఉల్లిలా పొరలు పొరలుగా ఉండేదాన్ని లశునం అంటారు. పరిశోధనల్లో ఎక్కువగా కనిపించేది స్నోడ్రాప్ అనే యూరప్ మొక్క లశునం. మంచు కరగకముందే తెల్లటి పువ్వు పూసే చిన్న మొక్క అది. డాఫొడిల్, హిప్పియాస్ట్రం కూడా ఆ కుటుంబమే. ఇప్పటి వర్గీకరణలో మనం తినే ఉల్లి, వెల్లుల్లిని కూడా అదే కుటుంబంలో చేర్చారు. మరి అడవి ఉల్లి? పేరులోనే ఉల్లి. ఈ వర్గీకరణ ప్రకారం అది మన పిల్లితేగల కుటుంబంలోకి వస్తుంది. పేరు కలిసినంత మాత్రాన గుణం కలవదు. మేం చేసిన మొదటి పొరపాటు అది.

రెండోది, ఆ ప్రోటీన్ ఏమిటన్నది. దాన్ని లెక్టిన్ అంటారు. చక్కెర అణువులను గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్ అన్నమాట. లెక్టిన్ల కథ మొదలైంది మన చేలల్లో పండే ఆముదం గింజతోనే. 1888లో స్టిల్‌మార్క్ అనే ఆయన ఆముదం గింజల నుంచి తీసిన పదార్థం కలిపితే రక్తకణాలు ముద్దకట్టడం గమనించాడు. అదే రైసిన్. చాలా ప్రమాదకరమైన విషం. లెక్టిన్ అనే పేరు తర్వాత 1954లో వచ్చింది. అంటే ఈ ప్రోటీన్ల చరిత్ర మొదలైందే విషంతో. మొక్క నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

స్నోడ్రాప్ లెక్టిన్‌ను 1987లో బెల్జియంలో వాన్ డామ్, పోమన్స్ బృందం వేరుచేసి వర్ణించింది. దాని ప్రత్యేకత ఏమిటంటే అది మానోజ్ అనే చక్కెరనే పట్టుకుంటుంది. నాలుగు ముక్కలు కలిసి ఒక ప్రోటీన్. ఒక్కో ముక్కకి మూడు పట్టుకునే చోట్లు, మొత్తం పన్నెండు. ఒక్క చేత్తో పట్టుకుంటే జారిపోవచ్చు, పన్నెండు చేతులతో పట్టుకుంటే జారడం కష్టం.

ఇక వైరస్ సంగతి. ఎయిడ్స్ తెచ్చే హెచ్ఐవీ, కరోనా వైరస్‌లు, వీటి పైపొర మీద ముళ్లలా ప్రోటీన్లు ఉంటాయి. ఆ ముళ్ల మీద చక్కెర గొలుసులు గుబురుగా అల్లుకుని ఉంటాయి. హెచ్ఐవీ పైపొర ప్రోటీన్ బరువులో దాదాపు సగం చక్కెరే. మన శరీరం దాన్ని గుర్తుపట్టకుండా ఆ చక్కెర ముసుగులా పనిచేస్తుంది. పైగా ఆ చక్కెరల్లో మానోజ్ ఎక్కువ. ఇప్పుడు ఉత్తరేణి గుర్తు తెచ్చుకోండి. చేలగట్టున నడిచి వస్తే లుంగీ అంచంతా గింజలు అంటుకుంటాయి కదా. లెక్టిన్ వైరస్‌కి అలాగే అంటుకుంటుంది. ఒంటి నిండా గింజలు అంటుకున్న వైరస్ కణం తలుపు దగ్గరికి వచ్చినా తాళంచెవి సరిగా దూరదు. లోపలికి పోలేదు. ఇక్కడ ఒకటి గమనించండి, ఇది చంపడం కాదు, అడ్డుకోవడం.

1991లో బెల్జియంలోనే ల్యూవెన్ నగరంలో బాల్జరిని అనే శాస్త్రవేత్త బృందం ఈ జాతి లెక్టిన్లు ల్యాబ్‌లో పెంచిన కణాల్లో హెచ్ఐవీని అడ్డుకుంటున్నాయని చూపించింది. 2007లో అదే ల్యూవెన్ నుంచి 33 మొక్కల లెక్టిన్లను మొదటి సార్స్ కరోనా వైరస్ మీద పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. వాటిలో బాగా పనిచేసినవి ఎక్కువగా మానోజ్‌ను పట్టుకునేవే. ఉల్లి జాతికి చెందిన లీక్ అనే కూరమొక్క లెక్టిన్ వాటిలో ముందు వరసలో ఉంది. మేం 2021లో సారాంశం మాత్రం చదివి ఎగిరి గంతేసింది ఇలాంటి పనినే చూసి.

ఇందులో మాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఏ మందుకైనా వైరస్ కొన్నాళ్లకి తప్పించుకునే దారి వెతుకుతుంది. లెక్టిన్ నుంచి తప్పించుకోవాలంటే హెచ్ఐవీ తన చక్కెర గొలుసుల్ని కొన్ని వదిలేసుకోవాలి. బాల్జరిని బృందం ల్యాబ్‌లో ఇదే చూసింది. కానీ చక్కెర వదిలేస్తే ముసుగు జారుతుంది, శరీర రక్షణ వ్యవస్థకి వైరస్ మొహం కనిపిస్తుంది. పట్టుకుంటే లోపలికి పోలేదు, వదిలించుకుంటే దాక్కోలేదు. ఈ ఆలోచన చదివినప్పుడు మాకు నిజంగా ఒళ్లు పులకరించింది. సైన్సు మీద ఇష్టం అక్కడే గట్టిపడింది.

మరి ఇంత బాగుంటే ఇన్నేళ్లయినా మందుల షాపులో ఎందుకు లేదు? మేం అప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. వేసుకోలేదు.

మొదటిది, ల్యాబ్ వేరు, మనిషి వేరు. గిన్నెలో కణాల మీద శుద్ధి చేసిన లెక్టిన్‌ను మిల్లీలీటరుకి మైక్రోగ్రాముల లెక్కన వేస్తారు. మనం దుంప దంచితే అందులో లెక్టిన్ ఒక్కటే రాదు, ఉన్నవన్నీ వస్తాయి. అడవి ఉల్లిలో గుండెను తాకే గ్లైకోసైడ్లు ఉన్నాయి. మామను పడగొట్టింది అవే. డాఫొడిల్ కుటుంబపు దుంపల్లో లైకోరిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది, అది కూడా వాంతులు తెప్పిస్తుంది. రెండోది, మరిగిస్తే చాలా లెక్టిన్లు ఆకారం కోల్పోతాయి. ఆకారం పోయాక పట్టూ పోతుంది. కషాయం కాస్తే మందనుకున్నది దెబ్బతింటుంది, కానీ వేడికి తట్టుకునే విషం మిగిలిపోవచ్చు. మూడోది, తాగిన ప్రోటీన్ కడుపులోకి పోతుంది. ఊపిరితిత్తుల్లో ఉన్న వైరస్ దగ్గరికి దానికదే నడిచిపోదు. ఇంజెక్షన్‌గా ఇస్తే పరాయి ప్రోటీన్ అని శరీరం ఎదురు తిరగొచ్చు. నాలుగోది, మానోజ్ వైరస్ మీదే కాదు, మన కణాల మీదా ఉంటుంది. కొన్ని లెక్టిన్లు మన తెల్ల రక్తకణాల్ని అనవసరంగా రెచ్చగొడతాయి.

ఈ నాలుగో చిక్కుని విప్పడానికి అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు అరటిపండు లెక్టిన్ మీద పనిచేశారు. 2010లో అది హెచ్ఐవీని అడ్డుకుంటుందని చూపించారు. 2015లో దాని 84వ స్థానంలో ఉన్న ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చారు. వైరస్‌ను పట్టుకునే గుణం అలాగే ఉంది, కణాల్ని రెచ్చగొట్టే గుణం బాగా తగ్గింది. ఒక్క అక్షరం మార్చడానికి అన్నేళ్లు పట్టింది చూడండి. మేం అయిదు నిమిషాల్లో మందు తేల్చేశాం.

అసలు మొక్కకి ఈ లెక్టిన్ ఎందుకు? మన హెచ్ఐవీ కోసం కాదు కదా. దుంపలో తిండి దాచుకునేటప్పుడు ప్రోటీన్ నిల్వగానూ, పురుగుల నుంచి కాపలాగానూ దాన్ని పెట్టుకుంటుందని శాస్త్రవేత్తలు అంటారు. దీనికి మన దగ్గరే రుజువుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు స్నోడ్రాప్ లెక్టిన్ జన్యువుని వరిలో పెట్టి, సుడిదోమలాంటి రసం పీల్చే పురుగుల్ని ఆ వరి తట్టుకుంటుందని 2003 ప్రాంతంలో చూపించారు. తర్వాత వెల్లుల్లి ఆకు లెక్టిన్‌తోనూ అదే పని చేశారు. ఎక్కడో మంచులో పూసే పువ్వు దుంప నుంచి, మన చేలో సుడిదోమ దాకా ఒకే దారం. మనవాళ్లూ ఆ దారం పట్టుకున్నారు. మన పిల్లలు కూడా పట్టుకోగలరని చెప్పడానికే ఇది రాశాం.

లెక్టిన్‌ని రోజూ చూడాలనుకుంటే మన వంటింట్లోనే చూడొచ్చు. మన ఏజెన్సీలో పండించే రాజ్మా గింజలో బలమైన లెక్టిన్ ఉంది. సరిగా ఉడకని రాజ్మా తింటే కొద్ది గంటల్లో వాంతులు, విరేచనాలు. మేం ఉన్న ఒక హాస్టల్లో ఒకసారి కట్టెలు తడిసి కూర సగం ఉడికింది. ఆ రాత్రి సగం మందిమి బయటే ఉన్నాం. అప్పుడు నీళ్ల మీద తోసేశాం. ఇప్పుడు తెలుస్తోంది అసలు సంగతి అది అయ్యుండొచ్చని. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నీళ్లు పోసి తెర్లుతూ మెత్తగా ఉడికించాలని మా అమ్మలు ఎప్పుడూ చెప్తారు. లెక్టిన్ అనే మాట వాళ్లకి తెలియదు. పని మాత్రం తెలుసు.

ఇక్కడే మాకు అసలు విషయం తట్టింది. మనవాళ్ల జ్ఞానం అంటే "ఈ చెట్టు మందు" అన్న ఒక్క ముక్క కాదు. ఎవరికి, ఎంత, ఏ కాలంలో, కాల్చా ఉడికించా, పైకా లోపలికా, ఇవన్నీ కలిపి జ్ఞానం. వాట్సాప్ మెసేజ్‌లో మొదటి ముక్కే మిగులుతుంది, మిగతాది రాలిపోతుంది. సైన్సు పేపరూ అంతే. సారాంశం ఒక్కటే చదివితే "పనిచేసింది" అన్న ముక్కే మిగులుతుంది. ఎక్కడ, దేని మీద, ఎంత మోతాదులో అన్నది రాలిపోతుంది. తాతయ్యా, శాస్త్రవేత్తా ఇద్దరూ జాగ్రత్తగా ఉన్నారు. మధ్యలో తొందరపడింది మేమే.

ఇంకో మాట. ఇది హక్కుల సంగతి. రేపు ఎవరైనా వచ్చి మన కొండ మీద దుంపలు అడుగుతారు, దేనికి వాడతారని మన పెద్దల్ని అడుగుతారు. అడగడం తప్పు కాదు. కానీ తెలిసి చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యం మీద, సంప్రదాయ జ్ఞానం మీద మనకు సామూహిక హక్కు ఉందని చెప్తుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరూరా జీవవైవిధ్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఉందో లేదో ఎప్పుడైనా అడిగారా? మేం అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం.

కేరళ అగస్త్యమలై కొండల్లో కాణి ఆదివాసుల కథ మనకి పాఠం. 1987లో శాస్త్రవేత్తలతో కొండెక్కిన కాణి కుర్రాళ్లు ఒక మొక్క కాయలు నములుతూ అలసట లేకుండా నడిచారు. అదే ఆరోగ్యపచ్చ. దాని నుంచి జీవని అనే మందు తయారైంది. లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణిలకు ఇవ్వడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. 1997లో దానికోసం ట్రస్టు పెట్టారు. ప్రపంచమంతా దాన్ని మంచి ఉదాహరణగా చెప్పుకుంది. అయితే కాణిలందరినీ ముందే అడగలేదన్న గొడవా వచ్చింది, మొక్క సేకరణకి అటవీ శాఖతో చిక్కులూ వచ్చాయి. అంటే వాటా రావచ్చు, కానీ దానికదే రాదు. ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాలి.

అందుకే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ మా మనవి ఇది. తెలియని దుంపని ఏ మెసేజ్ చూసీ నోట పెట్టకండి, ఎవరికీ పెట్టనివ్వకండి. ఎవరైనా తాగేస్తే వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా ఆ దుంపతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దుంప చూపిస్తే డాక్టరుకి సగం పని తేలికవుతుంది. టీకా ఉన్న జబ్బుకి టీకా వేయించండి. ఇంటర్‌లో బైపీసీ చదువుతున్నవాళ్లు బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వైపు కూడా చూడండి. మన కొండల మొక్కల ప్రోటీన్లు ల్యాబ్‌లో వేరుచేసే చెయ్యి మనది ఎందుకు కాకూడదు? పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది పూర్తిగా రాసుకోండి. వద్దన్న మాటలు ముందు రాసుకోండి.

మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు మామ ఇంటికి వెళ్లాం. వాకిట్లో కూర్చుని అడ్డాకులు కుడుతున్నాడు. మేం ఇదంతా ఉత్తరేణి గింజతో పోల్చి చెప్తే శ్రద్ధగా విన్నాడు. విని, "అయితే ఆ దుంపలో మందు ఉన్నట్టా లేనట్టా?" అన్నాడు. ఉండొచ్చు మామా, తీయడం ఇంకా రావాలి అన్నాం. "తీయడం వచ్చినాక చెప్పండి, అప్పటిదాకా నేను తాగను" అని నవ్వాడు. మేమూ నవ్వాం. నాలుగేళ్ల తర్వాత ఆయన ముందు నవ్వగలిగింది అదే మొదటిసారి.

ఆ మెసేజ్ మా దగ్గర్నుంచి ఎన్ని ఊళ్లకు పోయిందో మాకు తెలియదు. ఇప్పటికీ ఎక్కడైనా తిరుగుతూ ఉండొచ్చు. మీ గ్రూపుల్లో కనిపిస్తే దాని కింద ఈ పోస్టు పెట్టండి. పూర్తిగా చదివాకే పెట్టండి.

జై ఆదివాసీ.